పలనాటి అగ్నిమాపక దళములు: నిమిషముల లెక్క

ప్రతి సంవత్సరము ఏప్రిల్ 14 మొదలు 20 వఱకు అగ్నిమాపక శాఖవారు వారోత్సవములు జరుపుదురు. 1944 ఏప్రిల్ 14వ తేదీని బొంబాయి రేవునందు ఫోర్టు స్టికీన్ అను ఓడ ప్రేలినప్పుడు మంట లార్పుచున్న 66 మంది దళసభ్యులు ప్రాణము లర్పించిరి. వారిని స్మరించుటకై యేర్పడిన వారమిది. ఆ దినములలో పట్టణములయందు ఊరేగింపులు జరుగును, కరపత్రములు పంచబడును, పాఠశాలలలో పిల్లలకు మంట లార్పు విధము చూపబడును. ఇవన్నియు మంచివే. కాని వారము గడచి కరపత్రములు చెత్తబుట్టకు చేరిన పిమ్మట పలనాటి గృహస్థుడు తన్ను తాను వేసికొనవలసిన ప్రశ్న యొకటి మిగిలియున్నది: ఈ రాత్రి రెండు గంటలకు మా ఊర నిప్పంటుకొన్నచో, ఎన్ని నిమిషములకు దానిపై దళమువారి నీరు పడును?

ఈ ప్రశ్నకు నరసరావుపేటలో నొక సమాధానము, దుర్గి మండలపు మారుమూల పల్లెలో మఱియొక సమాధానము వచ్చును. ఆ భేదమును గూర్చియే మేము ఈనాడు ప్రస్తావింపదలచితిమి.

మొదట నొక మాట. దళములలో పనిచేయువారి సాహసమును గూర్చి మాకు లేశమైన సందేహము లేదు. ఎండకు పేరుపడిన రెంటచింతల ప్రాంతమున మే నెల మధ్యాహ్నమున మండుచున్న గడ్డివాము నెదుట నిలుచుట యెట్టిదో తెలిసినవా రెవ్వరును వారిని నిందింపజాలరు. మేము విమర్శింపబూనినది వారిని నిలిపియుంచిన యేర్పాటును. ముఖ్యముగా, ఆ యేర్పాటు యొక్క బలమును కొలుచుటకు మనము వాడుకొనుచున్న కొలబద్దను. ఇన్ని కేంద్రములు గలవు, ఇన్ని ఇంజనులు గలవు, ఇంత ఆస్తి దగ్ధమయ్యెను, ఇంత ఆస్తి రక్షింపబడెను అని లెక్కలు వ్రాయుట మనకు పరిపాటి. రక్షింపబడిన ఆస్తి యనగా నేమి? తగులబడక మిగిలిన దానికి వెలకట్టి వ్రాసిన అంకె. గాలి తిరిగి మంట తానై చల్లారినను ఆ అంకె పెరుగును. దానినిబట్టి దళము ఎంత వేగముగా వచ్చినదో, ఎంత ఆలస్యముగా వచ్చినదో తెలియదు. అగ్నిమాపక శాఖకు సరియైన కొలబద్ద కాలమొక్కటియే.

2024 మే 14వ తేదీ అర్ధరాత్రము దాటిన పిమ్మట చిలకలూరిపేట మండలమున పసుమర్రు సమీపమున జరిగిన ఘోరమును మన జిల్లావారు మఱవజాలరు. ముందునాడు జరిగిన ఎన్నికలలో వోటువేసి బాపట్ల జిల్లా చినగంజాము ప్రాంతమునుండి హైదరాబాదునకు మఱలుచున్న ప్రయాణికుల బస్సు ఒక టిప్పరుతో ఢీకొనెను. వెంటనే రెండు వాహనములకును మంట లంటుకొనెను. రెండింటి చోదకులతో సహా ఆరుగురు మరణించిరి. 2025 అక్టోబరు 24వ తేదీ వేకువజామున కర్నూలు సమీపమున చిన్నటేకూరు వద్ద హైదరాబాదునుండి బెంగుళూరు పోవుచున్న బస్సు తగులబడి 19 మంది ప్రయాణికులు దగ్ధులైరి. ఈ రెండును పట్టణములకు మిక్కిలి దూరమున జరిగినవి కావు. అయినను పరుపులు, తెరలు, ఇంధనము నిండిన బస్సులో మనిషి బ్రదుకుటయో చనిపోవుటయో మొదటి మూడు నాలుగు నిమిషములలోనే తేలిపోవును. ఆ నిమిషములలో చేరగల దళము ఏ దేశమునందును లేదు.

దీనివలన దళములు నిరుపయోగములని తలంచువారు పొరబడుచున్నారు. మనము గ్రహింపవలసిన నీతి వేఱు. నిప్పు పుట్టినది మొదలు కాలమును మూడు భాగములుగా విభజింపవచ్చును. మొదటి అయిదు నిమిషములు ఆ చోటనే యున్నవారివి: బస్సులోని ప్రయాణికులవి, ఇంటివారివి, ఇరుగుపొరుగువారివి. అయిదవ నిమిషమునుండి ఇరువదియవ నిమిషము వఱకు గల కాలము దళముది. ఆ లోపల వచ్చిన దళము ఒక గదితో, ఒక వామితో, ఒక యింటితో నిప్పును నిలుపగలదు. ఇరువది నిమిషములు దాటిన పిమ్మట వచ్చిన దళమునకు మిగిలిన పని ప్రక్కయిండ్లను కాపాడుట, బూడిదను తడుపుట. మొదటి భాగమునకు ప్రజలు సిద్ధముగా నున్నారా, రెండవ భాగమునకు శాఖవారు సిద్ధముగా నున్నారా యని విడివిడిగా పరీక్షించినప్పుడే మన బలమేమో, బలహీనత యేమో బయటపడును.

ఈ లెక్క మేము కల్పించినది కాదు. కేంద్రప్రభుత్వమునకు సలహాలిచ్చు అగ్నిమాపక సలహామండలివారు చిరకాలము క్రిందటనే పట్టణములలో 5 మొదలు 7 నిమిషములలోపలను, గ్రామములలో 20 నిమిషములలోపలను దళము చేరవలెనని నిర్ణయించియున్నారు. పట్టణమున 10 చదరపు కిలోమీటర్లకును, గ్రామీణ ప్రాంతమున 50 చదరపు కిలోమీటర్లకును ఒక కేంద్ర ముండవలెనని కూడ వారు సూచించిరి. ఈ ప్రమాణములు కాగితముమీద నిలిచిపోయిన సంగతిని కేంద్ర హోంశాఖవారు చేయించిన అధ్యయనమే 2012 నాటికి వెల్లడించినది: దేశమునకు కావలసిన కేంద్రములు 8,559 కాగా ఉన్నవి 2,987. అనగా మూడింట రెండు వంతుల లోటు.

ఈ ప్రమాణములను మన జిల్లాకు అన్వయించి చూతము. 2022 ఏప్రిల్ 4వ తేదీని గుంటూరు జిల్లానుండి వేఱుపడి నరసరావుపేట ముఖ్యస్థానముగా పలనాడు జిల్లా యేర్పడినప్పుడు దానికి లభించిన విస్తీర్ణము 7,298 చదరపు కిలోమీటర్లు, మండలములు 28, జనసంఖ్య 2011 లెక్కల ప్రకారము 20 లక్షల 41 వేలు. 50 చదరపు కిలోమీటర్లకు ఒకటి చొప్పున లెక్కించినచో ఈ జిల్లాకు 146 కేంద్రములు కావలయును. ఇది జరుగునది కాదని ఏ మంత్రికిని ఏ అధికారికిని చెప్పనక్కరలేదు. మేమును కోరుట లేదు. అయితే నెరవేరని ప్రమాణమును చూపి చేతులు ముడుచుకొనుట ప్రభుత్వములకు సుకరమైన మార్గము. కావున విస్తీర్ణపు ప్రమాణమును ప్రక్కనబెట్టి కాలపు ప్రమాణమునే పట్టుకొందము.

20 నిమిషములలో కబురందుటకు, దళము బయలుదేరుటకు 2 నిమిషములు తీసివేసినచో మిగులునవి 18. నీటితో నిండిన ఇంజను మన పల్లెదారులలో గంటకు 40 కిలోమీటర్లకు మించి పోజాలదు. 18 నిమిషములలో అది పోగలిగినది 12 కిలోమీటర్లు. దారి వంపులను త్రోసివేసినచో తిన్నగా 9 కిలోమీటర్ల దూరము. 9 కిలోమీటర్ల వ్యాసార్ధముగల వృత్తమునందు ఇమిడెడు భూమి 254 చదరపు కిలోమీటర్లు. 7,298ని 254చే భాగించినచో వచ్చునది 28.7. మన మండలముల సంఖ్య 28! అనగా మండలమున కొక చిన్నదళము నెలకొల్పినచో, 20 నిమిషముల ప్రమాణము ఇంచుమించు జిల్లా యంతటను నెరవేరును. అడవులు, రాతినేలలు జనావాసములు కావు గనుక నిజమునకు అన్నియు నక్కరలేకపోవచ్చును. 146 అనిన అసాధ్యముగా తోచిన పని, కాలముతో కొలిచినప్పుడు 28లోపు పనిగా తేలినది. పోలీసు స్టేషనును మండలమునకు చేర్చిన ప్రభుత్వమునకు ఇది శక్తికి మించిన కోరిక కానేరదు.

పట్టణములందే కేంద్రము లుండుటవలన పల్లెకు జరుగు అన్యాయ మెట్టిదో దూరములే చెప్పుచున్నవి. మాచెర్లనుండి నరసరావుపేటకు సుమారు 80 కిలోమీటర్లు. మధ్యనున్న గురజాల, పిడుగురాళ్ల ప్రాంతములను, వాటికి ఎడమకుడుల విస్తరించిన ఊళ్లను తలంచుకొనుడు. కేంద్రమునకు 30 కిలోమీటర్ల దూరమున నున్న గ్రామమునకు ఇంజను చేరుటకు 45 నిమిషములు పట్టును. ఒక పూరిల్లు సమూలముగా తగులబడుటకు అందులో సగము కాలము చాలును. అట్టి గ్రామమునకు మన మిచ్చుచున్నది అగ్నిరక్షణ యనుట సత్యమునకు దూరము.

దళము ఒక ప్రమాదమునకు పోయినప్పుడు దాని కేంద్రము శూన్యమగును. మహాశివరాత్రినాడు కోటప్పకొండకు లక్షలాది జనులు చేరుదురు. ఆకాశము నంటు విద్యుత్ప్రభలు నిలుచును. అచ్చట ఇంజనుల నుంచుట యవసరమే. కాని ఆ రాత్రి వానిని పంపిన పట్టణములకు, ఆ పట్టణములపై నాధారపడిన పల్లెలకు ఎవరు కాపు? పొరుగు కేంద్రములనుండి ఇంజనులను ముందుగనే జరిపి ఖాళీ చోట్లను పూరించు పద్ధతి యొకటి వ్రాతమూలకముగా నుండవలయును. మిరప కోతల కాలమునకును, నడివేసవికిని ఇట్టి పట్టికయే కావలయును.

ఇక నిమిషములు ఎచ్చట వ్యర్థమగుచున్నవో చూతము. ప్రయాణకాల మొక్కటే ఆలస్యము కాదు. నిప్పును చూచుట, కబురు చేయుట, బయలుదేరుట, ప్రయాణించుట, నీరు చిమ్ముట అని అయిదు మెట్లు గలవు. 101, 112 అను సంఖ్యలకు టెలిఫోను చేసినవాడు భయకంపితుడై "మా కొత్తపాలెములో" నని చెప్పి విడిచిపెట్టును. కొత్తపాలెములు, అగ్రహారములు ఈ దేశమున ఎన్ని లేవు! ప్రతి గ్రామమునకును, ప్రతి శివారుపల్లెకును ఒక గుర్తుసంఖ్య నిచ్చి, దానిని పాఠశాల గోడమీదను, పంచాయతి కార్యాలయముమీదను, ట్రాన్సుఫార్మరు దిమ్మెలమీదను పెద్ద అక్షరములతో వ్రాయించినచో ఒకటి రెండు నిమిషములు మిగులును. దీనికయ్యెడు ఖర్చు సున్నము, రంగు, ఒక చిత్రకారుని దినవెచ్చము.

చివరిమెట్టయిన నీటి సంగతి మఱింత ముఖ్యము. సాధారణముగా ఇంజను మోసికొనివచ్చు నీరు 4,500 లీటర్లు. నిమిషమునకు 450 లీటర్లు చిమ్ము గొట్టము నొకదానిని విప్పినచో ఆ నీరు 10 నిమిషములకు సరి. అటుపిమ్మట నేమి? నిమిషమునకు 200 లీటర్లిచ్చు పొలపు బోరుక్రింద ఇంజనును నిలిపినచో నిండుటకు 22 నిమిషములకు పైబడును. ఆ లోపల కరెంటు పోయినచో చెప్పనక్కరలేదు. నాగార్జునసాగరు కుడికాలువ నిండుగ పాఱుచున్నప్పుడు కాలువగట్టు ఊళ్లకు ఈ చిక్కు లేదు. కాని కాలువ కట్టివేసిన వేసవిలోనే నిప్పు హెచ్చు. కాలువ కట్టకమునుపే మంచినీటి చెరువులను నింపుకొనునట్లు అగ్నిరక్షణకు కూడ కొంతనీటిని నిలువచేసికొనవలసియున్నది. అంతకంటె సులభమైన ఉపాయము మఱియొకటి గలదు. ప్రతి గ్రామమునను ఎత్తైన మంచినీటి ట్యాంకు గలదు. దాని అడుగున ఇంజను గొట్టమునకు సరిపడు వెడల్పుమూతి నొకదానిని బిగించినచో విద్యుచ్ఛక్తితో పనిలేకయే కొన్ని నిమిషములలో ఇంజను నిండును. పంచాయతులు తలచినచో ఒక వేసవిలో చేయదగిన పని యిది.

పలనాటి నిప్పు ఒకటే రకము కాదు. ఇది శాఖవారు ప్రత్యేకముగా గమనింపవలసిన విషయము. మిరప మన జిల్లా రైతునకు బంగారము. ధరకై వేచి దానిని కోల్డు స్టోరేజీలలో దాచుకొనుచున్నాడు. కిటికీలు లేని ఆ గిడ్డంగులలో చలి నిలుచుటకై గోడలకు తాపిన పొరలు నిప్పునకు ఎండుకట్టెల వంటివి. గోనెసంచులు లోలోపలనే రాజును. మిరపకాయపొగలో శ్వాసపరికరము లేని మనిషి నిమిషమైనను నిలువజాలడు. పరికర మున్నను దాని గాలి అరగంట, ముప్పాతిక గంటకంటె మించదు. 2024 జనవరియందు గుంటూరు జిల్లా దుగ్గిరాలలో పసుపు నిలువచేసిన ఒక శీతలగిడ్డంగి తగులబడి రైతుల కష్టార్జితము కాలిపోయిన సంగతి మన రైతులకు విదితమే. అట్టి యెడ ఒక ఇంజను, నలుగురు మనుష్యులు ఏమి చేయగలరు? శ్వాసపరికరములు ఎన్ని గలవు, వాని సీసాలను మఱల నింపు యంత్రము ఎంతదూరమున గలదు అనునవి ఇంజనుల సంఖ్యకంటె ముఖ్యమైన ప్రశ్నలు.

ప్రత్తిబేళ్లలోని నిప్పు వేఱు. పైన నీరు చిమ్మిన ఆరినట్లే కనబడి, లోపల గంటలకొలది రాజి, దళము వెడలిపోయిన పిమ్మట తిరిగి మండును. బేళ్లను ఒక్కొక్కటిగా వెలికిలాగి విప్పనిదే అది చావదు. అందులకు మనుష్యులు, కొక్కెములు, జేసీబీ యంత్రములు కావలయును. పిడుగురాళ్ల సున్నపుబట్టీల సంగతి ఇంకను విచిత్రమైనది. కాల్చిన సున్నముపై నీరు పడిన నిప్పార్పుటకు బదులు వేడి పుట్టి ప్రక్కనున్న సంచులను, కట్టెలను అంటించును. అచ్చట పొడియిసుకయే శరణ్యము. మాచెర్ల దాచేపల్లి ప్రాంతములలోని సిమెంటు కర్మాగారములు, రహదారులమీద రాత్రింబవళ్లు పోవు ఆయిలు ట్యాంకర్లు నీటితో నాఱని చమురునిప్పును తెచ్చిపెట్టును. వానికి నురుగు కావలయును. ప్రతి కేంద్రమునకును ఒకే మూసలోని పరికరముల నిచ్చుట మాని, పిడుగురాళ్లకు పిడుగురాళ్ల నిప్పునకు తగినవియు, చిలకలూరిపేటకు జాతీయరహదారి ప్రమాదములకు తగిన కత్తెరలు, కోతయంత్రములును ఈయవలెనని మేము కోరుచున్నాము.

ఇట్టి యేర్పాటునకు బాధ్యులెవరు? 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణముచే చేర్చబడిన పండ్రెండవ షెడ్యూలునందు అగ్నిమాపక సేవలు ఏడవ అంశముగా పురపాలక సంఘముల కప్పగింపదగిన విధులలో చేర్పబడినవి. మన రాష్ట్రమునందు మాత్రము 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టము ప్రకారము అది రాష్ట్రప్రభుత్వ శాఖగా నడచుచున్నది. శిక్షణ, క్రమశిక్షణ దృష్ట్యా రాష్ట్రశాఖగా నుండుటయే మేలని మేమును అంగీకరింతుము. కాని దీనివలన నొక చిక్కు వచ్చినది. ఇంజను రాష్ట్రముది, వీధి పురపాలక సంఘముది, నీరు పంచాయతిది, తీగెలు విద్యుత్సంస్థవి. నిప్పు వచ్చిననాడు ఒకరిమీద నొకరు త్రోసికొనుటకు ఇంతకంటె అనువైన విభజన యుండబోదు. జిల్లా కలెక్టరుగారు ఈ నలుగురిని ఒకచోట కూర్చుండబెట్టి, ఏటేట వేసవికి ముందుగా జిల్లా అగ్నిరక్షణ ప్రణాళిక నొకదానిని సిద్ధపరచి ప్రకటించుట అత్యవసరము.

ధనము లేదను మాట వచ్చును. 2023 జూలైలో కేంద్రప్రభుత్వమువారు రాష్ట్రముల అగ్నిమాపక సేవల విస్తరణ, ఆధునికీకరణములకై 5,000 కోట్ల రూపాయల పథకమును ప్రకటించిరి. అందు రాష్ట్రములు తమవంతుగా నాల్గవభాగము భరింపవలెనని నియమించిరి. ఇట్టి పథకముల ధనముతో రాష్ట్రరాజధానులకు ఎత్తైన నిచ్చెనల బండ్లు కొనుట సులభము, చూచుటకును బాగుండును. పది అంతస్తుల మేడలు లేని వెల్దుర్తికి, బొల్లాపల్లికి కావలసినది కొన్ని వందల లీటర్ల నీటితో సందులలో దూరగల చిన్నబండి, ఇద్దరు ముగ్గురు మనుష్యులు. ఒక పెద్దబండి వెలతో ఇట్టి చిన్నబండ్లు ఎన్నియో వచ్చును. అయితే బండి కొన్నంతమాత్రమున దళ మేర్పడదు. రేయింబవళ్లు వంతులుగా పనిచేయు మనుష్యులను నియమింపక బండిని షెడ్డులో నిలిపినచో అది ప్రారంభోత్సవపు ఛాయాచిత్రమునకు మాత్రమే పనికివచ్చును.

నిప్పు ఏడాదికి నాలుగుసార్లు వచ్చు మండలమున ఇంతమందిని ఊరక కూర్చుండబెట్టి పోషింపవలెనా యని అడుగువారు గలరు. ఆ మనుష్యులకు పనిలేకపోదు. బావిలో పడినవారిని తీయుట, కృష్ణవరదలలో చిక్కినవారిని దరిచేర్చుట, రహదారి ప్రమాదములలో నలిగిన వాహనములనుండి క్షతగాత్రులను విడిపించుట, బడులలో, మిల్లులలో తనిఖీ చేసి శిక్షణ నిచ్చుట యను పనులన్నియు వారివే. పరదేశములలో మఱియొక మార్గమును గూడ అవలంబించిరి. జర్మనీ దేశమున ఇంచుమించు పదిలక్షలమంది తమ తమ వృత్తులు చేసికొనుచునే స్వచ్ఛందముగా అగ్నిదళములలో పనిచేయుచున్నారు. అమెరికాలో పల్లెటూళ్ల స్వచ్ఛంద దళములకు నిర్ణయించిన ప్రమాణము కూడ గమనింపదగినది: నూటికి 80 పర్యాయములు 14 నిమిషములలోపల ఆరుగురు చేరవలయును. వారు సగటును చెప్పక నూటికి ఇన్నిసార్లని చెప్పుటలో గొప్ప వివేకము గలదు. పట్టణమున 4 నిమిషములకు, పల్లెకు 40 నిమిషములకు చేరిన దళపు సగటు 22. కాగితముమీద బాగుగనే కనబడును, పల్లె మాత్రము కాలిపోవును.

స్వచ్ఛంద దళమను మాట పలనాటికి క్రొత్త కాదు. కులభేదము లెంచక అందఱిని ఒక చాపమీద కూర్చుండబెట్టిన బ్రహ్మనాయుని కథ పుట్టిన గడ్డ యిది. నిప్పునకును కులము లేదు. ప్రతి గ్రామమున పదిమంది యువకులకు రెండునాళ్ల శిక్షణ, ఒక చేతిపంపు, కొక్కెపుగెడలు, ఇసుకబక్కెట్లు, ఒక నిచ్చెన యిచ్చినచో మొదటి అయిదు నిమిషములకు ఊరు సిద్ధమగును. శాఖవారు ఏటేట వారిని పరీక్షించి, ఇంజను వచ్చిన పిమ్మట దాని నాయకుని ఆజ్ఞకు లోబడి పనిచేయు పద్ధతి నేర్పవలయును.

ప్రభుత్వమును అడుగుటతో మన బాధ్యత తీరదు. 2025 మే 18వ తేదీని హైదరాబాదు గుల్జారుహౌజు వద్ద ఒక యింట నిప్పు పుట్టి 17 మంది, అందు పసిపిల్లలు, ఊపిరాడక మరణించిరి. అగ్నిమాపక కేంద్రము ఆ యింటికి దూరమున లేదు. కాని లోనికి దారి యొక్కటే, అదియు మిక్కిలి ఇఱుకు. దళము ఎంత త్వరపడినను తప్పించుకొను దారి లేని యింటిలో దాని త్వరకు విలువ తక్కువ. నరసరావుపేటలో ఆసుపత్రులు, కోచింగు తరగతులు, బట్టలకొట్లు ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచిన వీధులను చూచినవారికి ఈ సంగతి భయము గొల్పక మానదు. మెట్లక్రింద పెట్టెలు, ద్వారమునకు అడ్డముగా జనరేటరు, వీధిలో సగము ఆక్రమించిన అరుగు, మిగిలిన సగమున నిలిపిన మోటారుసైకిళ్లు! అట్టి వీధిలోనికి ఇంజను రాలేదని దళమును తిట్టు హక్కు మనకు లేదు.

భూస్వాములును ఆలోచింపవలసినది గలదు. గడ్డివాములను ఇండ్లకు, తీగెలకు దూరముగా వేయించుట, రెండు వాముల నడుమ ఎడము విడుచుట, మిరపకళ్లములలో వంటపొయ్యిని గాలివాలునకు దిగువను పెట్టించుట, పనివారికి కళ్లముచెంత ఒక నీటితొట్టి యుంచుట వెచ్చముతో కూడినవి కావు. కోల్డు స్టోరేజిలో సరుకు దాచువారు అద్దె యెంత యని బేరమాడుదురు గాని, భీమా ఉన్నదా, అది సరుకు పూర్తివెలకు ఉన్నదా, విద్యుత్తీగెలను కడపట ఎప్పుడు పరీక్షించిరి అని అడుగువారు అరుదు. అడుగువా రెక్కువైనచో యజమానులే సరిదిద్దుకొందురు. ఆ ఒత్తిడి తనిఖీ అధికారి నోటీసుకంటె బలవత్తరము.

మా కోరికలు అయిదు. జిల్లాలోని ప్రతి కేంద్రమునందును రిజిస్టరులో వ్రాయబడు మూడు సమయములను, అనగా కబురందిన సమయమును, బయలుదేరిన సమయమును, చేరిన సమయమును నెలనెల గ్రామముల పేళ్లతో ప్రకటింపవలయును. 20 నిమిషములలో చేరలేని గ్రామముల పటము నొకదానిని సిద్ధపరచి, ఆ మండలములకు ముందుగా చిన్నదళముల నీయవలయును. ప్రతి గ్రామపు ట్యాంకునకును ఇంజను నింపుకొను మూతి యమర్పవలయును. ప్రాంతపు నిప్పునకు తగిన పరికరములను, శ్వాసయంత్రములను, ఇసుకను, నురుగును కేంద్రములకు సమకూర్పవలయును. గ్రామ స్వచ్ఛంద దళములకు వేసవికి ముందే శిక్షణ నీయవలయును. ఈ అయిదింటిలో మొదటిదానికి కాగితము, సిరా తప్ప ఖర్చు లేదు. కాని అన్నిటికంటె ముఖ్యమైనది అదియే. ఏలయన నిమిషములు ప్రకటింపబడినచో మిగిలిన నాలుగు కోరికలను ప్రజలే అడిగి సాధించుకొందురు.

ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వినట్లను సామెత మన పెద్దలు ఊరక చెప్పలేదు. ప్రమాదము జరిగిన మఱునాడు నాయకులు వచ్చి పరామర్శింతురు, నష్టపరిహారము ప్రకటింతురు. వారమునకు అందఱును మఱతురు. పలనాటి రైతు ఎండకు ఓర్చి, కాలువనీటికై కాచియుండి, పురుగునుండి తెగులునుండి కాపాడి పండించిన పంటను, జన్మమంతయు కూడబెట్టి కట్టుకొన్న ఇంటిని, అన్నిటికంటె మించి తన బిడ్డలను, 45వ నిమిషమున వచ్చు ఇంజనుకు అప్పగించియుంచుట న్యాయము కాదు. జిల్లా యేర్పడుటవలన కలెక్టరు కార్యాలయము చేరువైనదని సంతోషించితిమి. నిప్పార్పు నీరు కూడ చేరువైననాడే ఆ సంతోషము పల్లెకు దక్కును. వచ్చు వారోత్సవముల నాటికి ఊరేగింపుతోపాటు నిమిషముల పట్టికను కూడ ప్రజలయెదుట నుంచుదురని శాఖవారిని, అధికారులను ప్రార్థించుచున్నాము.